ప్రస్థానం పెట్టిన ట్యాంకులు

మొన్న నాచారం పారిశ్రామికవాడలో ఆటో దిగి మా ఫ్యాక్టరీ గేటు వైపు నడుస్తున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళ. పక్క షెడ్డులో ఎవరో టిఫిను గిన్నె మూత తీసినట్టున్నారు, వేయించిన చల్ల మిరపకాయల వాసన గుప్పుమంది. మజ్జిగలో నానబెట్టి, ఎండబెట్టి, నూనెలో నల్లబడే దాకా వేయించిన ఆ మిరపకాయల వాసనకు ఎవరికైనా నోరూరుతుంది. నాకు కడుపు మండుతుంది. సుభద్ర గారు గుర్తుకొస్తారు. ఆవిడ మా దగ్గర పనిచేసింది ఏడాది, దాని మీద మరికొన్ని నెలలు. వెళ్లిపోయి చాలా కాలమైంది. నీకు పని నేర్పింది ఎవరని అడిగితే ఆవిడ పేరే చెప్పాలి, చెబుతాను కూడా. కానీ చెప్పేటప్పుడు పళ్లు కొంచెం బిగుసుకుంటాయి. అసూయ అనే మాట పుస్తకాల్లో చూడటానికి బాగుంటుంది. నాది అంత మర్యాదైన సరుకు కాదు. మా అమ్మ భాషలో చెప్పాలంటే ఉత్త కుళ్లు.

ఆవిడను చూడని వాళ్ల కోసం చెబుతున్నాను. పొట్టి మనిషి. నేత చీర కట్టి, కాళ్లకు పరుగు పందేల వాళ్లు వేసుకునే బూట్లు తొడుక్కునేవారు. జుట్టులో తెల్ల వెంట్రుకలను దాచుకునేవారు కాదు. అయినా రంగు వేసుకున్న నాకన్నా చిన్నగా కనబడేవారు, అదొక అన్యాయం. తండ్రి ప్రభుత్వ కర్మాగారంలో ఇంజనీరు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఏఎస్ రావు నగర్‌లో స్థిరపడిన కుటుంబం. అందుకే ఆవిడ నోట ‘వచ్చారు, వెళ్లారు’ తప్ప మా ‘వచ్చిన్రు, పోయిన్రు’ వినబడేది కాదు. ఎదుటి మనిషి మాట పూర్తయ్యాక ఒక క్షణం ఆగి, అప్పుడు మాట్లాడేవారు. ఆ ఆగడం చూసి మా ఎండీ నరహరి సార్ ‘ఎంత ఆలోచన!’ అని మురిసిపోయేవారు. నేను ఆగితే మాత్రం ‘ఏంది మంజులా, నిద్ర వస్తున్నదా?’ అనేవారు.

మాది మందుల కంపెనీలకు స్టీలు ట్యాంకులు తయారుచేసే సంస్థ. ఫ్యాక్టరీ నాచారంలో, ఆఫీసు ఉప్పల్‌లో, మెట్రో స్టేషన్‌కు దగ్గర ఒక బట్టల దుకాణం పైన. మా నాన్న రాజయ్య నాచారంలోనే ఇంకో షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. నేను కంప్యూటరు చదువు చదివి ఉప్పల్ ఆఫీసులో ఏసీ కింద కూర్చున్నాను. ఏ ట్యాంకు ఎక్కడిదాకా వచ్చిందో తెలియక అందరూ ఫోన్లలో అరుచుకునే రోజుల్లో, ఇంటర్నెట్‌లో దొరికే ఒక ప్రాజెక్టు బోర్డును తెచ్చి పెట్టింది నేనే. ఒక్కో ట్యాంకుకు ఒక్కో కార్డు. ఎడమ నుంచి కుడికి గడులు: ఆర్డరు, కోత, వెల్డింగు, పాలిషు, పరీక్ష, చివరిది ‘పంపినం’. పని ముందుకు పోయినప్పుడల్లా ఫ్యాక్టరీ వాళ్లు ఫోనులో వేలితో కార్డును ఒక గడి నుంచి ఇంకో గడికి జరుపుతారు. ఏ రోజు జరిపారో బోర్డు తనంతట తనే గుర్తుపెట్టుకుంటుంది. వెల్డర్లను, పాలిషు వాళ్లను ఒక్కొక్కరిగా ఉప్పల్‌కు పిలిపించి పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించాను. వాళ్లు దాన్ని ‘మంజులక్క బోర్డు’ అనేవాళ్లు. ఆ మాట చెవిన పడితే కొత్త గాజులు వేసుకున్నంత సంతోషంగా ఉండేది.

కంపెనీ పెరిగింది, కొనేవాళ్ల ప్రశ్నలూ పెరిగాయి. ఈ ట్యాంకుకు అతుకు వేసిన మనిషి ఇంకా ఏ ఏ ట్యాంకులకు వేశాడు? పరీక్ష అయ్యాక పంపడానికి సగటున ఎంత ఆలస్యమవుతోంది? నా బోర్డు ఒక్కో కార్డునూ ముద్దుగా చూపిస్తుంది కానీ, అన్ని కార్డులనూ కలిపి అడిగితే నోరు మెదపదు. అందుకని కార్డుల్లో ఉన్నదంతా ఒక డేటాబేసులోకి తరలించాలని నరహరి సార్ నిర్ణయించారు. తరలింపు పూర్తయ్యాక దాన్ని చూసుకునే మనిషికి కొత్త హోదా, విడిగా గది అని కూడా అన్నారు. ఆ కుర్చీ నాదేననుకున్నాను. ఎందుకు అనుకోను? బోర్డు నాది, కార్డులు నావి, ఫ్యాక్టరీ మనుషులు నావాళ్లు. అటువంటప్పుడు ఒక సోమవారం పొద్దున సార్ వెనకాల, బూట్ల చప్పుడు కూడా లేకుండా, సుభద్ర గారు నడిచి వచ్చారు.

“మంజులా, ఇగో, సుభద్ర గారు. గిసుంటి పనులు మస్తు చేసిన్రు. గీ పని అయ్యేదాంక నువ్వు మేడమ్ చెప్పినట్టు చెయ్యి” అన్నారు సార్.

ఆవిడ నా పక్కన కుర్చీ లాక్కుని బోర్డును చాలాసేపు చూశారు. కార్డులు తెరిచారు, మూశారు. చివరికి నా వైపు తిరిగి “ఇదంతా మీరొక్కరే కట్టారటగా? ఎంత ఓపికండీ మీకు!” అన్నారు. ఓపిక! తెలివి ఉందని చెప్పడానికి మనసొప్పని వాళ్లు ఇచ్చే బిరుదు అది. “అవును మేడమ్, మస్తు ఓపిక” అన్నాను. ఆవిడ నిజంగానే సంతోషంగా నవ్వారు. వెటకారం అర్థం కాని మనుషులను ద్వేషించడం చాలా కష్టం. అయినా కష్టపడ్డాను.

పని మొదలైంది. కార్డు అంటే ఊరికి పోయేటప్పుడు పట్టుకెళ్లే సంచి. అందులో ఏదైనా కుక్కవచ్చు. కొన్న కంపెనీ పేరు, వెల్డరు పేరు, ఫోటోలు, ‘రబ్బరు రింగు రాలే, ఫోన్ జేసిన’ అన్న కబుర్లు, అన్నీ అందులోనే. డేటాబేసు అలా కాదు. పోపుల డబ్బాలాగా దేని గది దానికి ఉంటుంది. కొన్నవాళ్లది ఒక పట్టిక, ట్యాంకులది ఒకటి, చేసినవాళ్లది ఒకటి, పరీక్షలది ఒకటి. ఒక కంపెనీ పేరును మావాళ్లు ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్ని రకాలుగానూ రాశారు. నేను వాటన్నిటినీ ఉన్నవి ఉన్నట్టు ఎక్కించబోతే సుభద్ర గారు ఆపారు. “కంపెనీ ఒక్కటే కదండీ, ఒక్కచోటే ఉండాలి. మిగతా ట్యాంకులన్నీ అదిగో ఆ కంపెనీ అని దాన్ని వేలుపెట్టి చూపించాలి, అంతే. రేపు వాళ్ల పేరు మారితే మీరు ఒక్కచోట మారిస్తే చాలు” అన్నారు. చదువుకునే రోజుల్లో ఇదే సంగతి పరీక్షల కోసం బట్టీ పట్టి, హాలు బయటికి రాగానే మరిచిపోయాను. ఆవిడ చెబితే ఒక్క మాటలో తలకెక్కింది. నచ్చకూడదని ఒట్టు పెట్టుకున్న మనిషి చెప్పే పాఠం నచ్చిందంటే అంతకు మించిన అవమానం లేదు. ఇంటికి వెళ్లి మా ఆయన మీద అరిచాను.

మొదటిసారి కార్డులన్నిటినీ డేటాబేసులోకి ఎక్కించి చూసినప్పుడు అది సగం వరుసలను తిప్పికొట్టింది. కారణం ఆవిడ పెట్టిన ఒక నియమం. ట్యాంకు పరీక్ష పాసైన తర్వాతే ఫ్యాక్టరీ దాటాలి కాబట్టి, పంపిన తేదీ పరీక్ష తేదీకన్నా ముందు ఉండకూడదు అని డేటాబేసుకు చెప్పి ఉంచారు. న్యాయమైన నియమమే. తీరా చూస్తే మా ట్యాంకుల్లో చాలావాటికి అది తలకిందులుగా ఉంది. పంపిన తేదీ ముందు, పరీక్ష తేదీ తర్వాత! అంటే ట్యాంకులు కొన్నవాళ్ల దగ్గరికి వెళ్లిపోయి, ఆ తర్వాత మా నాచారం షెడ్డులో పరీక్ష రాసి పాసయ్యాయన్నమాట.

నా బోర్డు పరువు పోతున్నదని నాకు చెమటలు పట్టాయి. “గ్రీసు చేతులు మేడమ్. ఫోను మీద ఎక్కడ పడితే అక్కడ ఒత్తుతరు. రెండు తేదీలను అటుదిటు మార్చేస్తే అయిపాయె” అన్నాను.

ఆవిడ అలవాటు ప్రకారం ఒక క్షణం ఆగారు. “ఒకరో ఇద్దరో అయితే పొరపాటు అనుకోవచ్చండీ. ఇంతమంది, ఇన్నేళ్లుగా, ఒకే రకంగా పొరపాటు చేయరు. ఇది ఏదో పద్ధతి. మనకు తెలియదు, అంతే. తెలుసుకోకుండా సరిచేస్తే ఉన్న ఆనవాలు కూడా పోతుంది.”

మనకు అన్నారు. నన్ను కూడా కలుపుకున్నారు. ఆరేళ్లుగా నా చేతి మీదుగా నడుస్తున్న బోర్డు గురించి, నిన్నగాక మొన్న వచ్చిన మనిషి, మనకు తెలియదు అంటే ఎలా ఉంటుంది? గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే. ఆవిడ సంచి తగిలించుకుని షేర్ ఆటో ఎక్కి నాచారం వెళ్లిపోయారు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నమయితే ఆవిడ నాచారంలోనే. ఫోను చేసి పిలిపించుకోకుండా, తనే వెళ్లి, వాళ్ల భోజనాల చోట కూర్చుని తినేవారు. సాయంత్రం ఉప్పల్ తిరిగి వచ్చి నాకు కబుర్లు చెప్పేవారు. యాదగిరి గారి కూతురికి నర్సింగులో సీటు వచ్చిందట. పాలిషు గదిలో గాలి తీసే ఫ్యాను ఎండాకాలం నుంచీ తిరగడం లేదట. యాదగిరి మామ మా ఫోర్‌మన్, మా నాన్న దగ్గర పని నేర్చుకున్న మనిషి, చిన్నప్పుడు నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని తిప్పినవాడు. అతని కూతురి సంగతి నాకు సుభద్ర గారి నోట తెలియాలా? పైగా ఆవిడ చల్ల మిరపకాయలకు షెడ్డంతా దాసోహం అన్నదట. పోయిన దసరాకు నేను గిన్నెడు గోంగూర పచ్చడి చేసి పంపితే ‘ఉప్పు జర ఎక్కువైంది’ అని తిరుగు కబురు పెట్టిన మహానుభావులు వీళ్లే. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు.

ఓర్చుకోలేక ఒకరోజు నేనూ ఆవిడ వెంట వెళ్లాను. ఆవిడ ఒంటరిగా వెళ్లి ఏం మంత్రం వేస్తున్నారో చూద్దామని. ట్యాంకులు రెండు వరుసలుగా పడుకోబెట్టి ఉన్నాయి. వాటి నీడలో చెక్కల మీద కూర్చుని అందరూ గిన్నెలు విప్పుతున్నారు. యాదగిరి మామ నన్ను చూసి “ఏం బిడ్డా, తోవ తప్పి వచ్చినవా?” అని నవ్వి, సుభద్ర గారి వైపు తిరిగి “మేడమ్, మిరపకాయలు రేపు ఇంకో నాలుగు ఎక్కువ తేండ్రి, గీ పిలగాళ్లు నా దాంక రానిస్తలేరు” అన్నాడు. ఆవిడ గిన్నె అతని వైపు జరిపి, ఫోనులో ఒక కార్డు తెరిచి, మామూలుగా అడిగారు. “యాదగిరి గారూ, ఈ ట్యాంకు పంపేశామని సోమవారమే ఉంది. పరీక్షేమో శుక్రవారం అయింది. మధ్యలో ఏం జరిగిందండీ?”

“ఏం జరుగుతది మేడమ్, ప్రస్థానం పెట్టినం.”

“అంటే?”

అప్పుడు యాదగిరి మామ చేయి కడుక్కుని వచ్చి, ఆవిడకు ఎదురుగా తీరిగ్గా కూర్చుని చెప్పాడు. “పాత సారు ఉండె గద, ఈ సార్ వాళ్ల నాయిన. మంచి ఘడియ లేంది ట్యాంకును గేటు దాటనియ్యకపోతుండె. అమాస వద్దు, మంగళారం వద్దు. గా అలవాటు మేము ఇప్పటిదాంక ఇడువలే. ఘడియనేమో సోమారం పొద్దుగాల్ల ఉంటది, ట్యాంకేమో పాలిషు గూడ కాకపాయె. ఏం చేస్తం? దాని నేమ్‌ప్లేటును పసుపు బట్టల చుట్టి, గా ఘడియకు తీస్కపోయి వాచ్‌మన్ రూముల పెడ్తం. ఇగ పైనం షురూ అయినట్టే గద. అప్పుడే బోర్డు మీద కార్డును పంపినంల ఎక్కిస్తం. తర్వాత పరీక్ష చేసి, గా తేదీ కార్డుల రాసి, ప్లేటు తెచ్చి బిగించి, లారీ ఎప్పుడు దొరికితే అప్పుడు పంపుతం. దోషం లేదు.”

“ఎన్నాళ్లు చెల్లుతుందండీ ఆ ప్రస్థానం?”

“మూడు దినాలంటరు. మేము వారం గూడ చేసినం. దేవుడు సర్దుకుంటడు.”

షెడ్డంతా నవ్వింది. సుభద్ర గారు చిన్నపిల్లలా కళ్లు పెద్దవి చేసుకుని ఇంకా అడిగారు. ప్లేటే ఎందుకు, బోల్టు పెట్టకూడదా? పసుపు బట్ట ఎవరు తెస్తారు? వాళ్లు ఒకరి మీద ఒకరు పడి చెబుతున్నారు. చెబుతున్నంతసేపూ నా వైపు ఒక్కడు కూడా చూడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ప్రస్థానం నాకు తెలియనిదా? మా నాన్న ఊరికి పోవాలంటే ముహూర్తానికి తన బట్టల సంచిని పక్కింట్లో పెట్టించి, రెండు రోజుల తర్వాత అక్కడి నుంచి తీసుకుని బస్సు ఎక్కేవాడు. ఆ సంచి మోసుకెళ్లింది నేనే. ఇంట్లో చూసినది ఫ్యాక్టరీలోనూ ఉంటుందని నాకు తట్టలేదు, సరే. కానీ వీళ్లు ఆరేళ్లలో ఒక్కసారైనా నాకు చెప్పకుండా, నిన్న వచ్చిన మేడమ్‌కు పూస గుచ్చినట్టు చెబుతారా? ఆ పూట నేను అన్నం సరిగా తినలేదు. మిరపకాయ ఒకటి నా గిన్నెలోనూ పడింది. బాగుంది. అదింకా కోపం.

నరహరి సార్‌కు సంగతి తెలిసి తల పట్టుకున్నారు. “మందుల కంపెనీలోళ్లు చూస్తే ఏమన్నా ఉన్నదా? పరీక్ష కాకముందే ట్యాంకు పంపిన్రు అనుకుంటరు. ఆర్డర్లు బందయితయి. గదంత తీసిపారేయుండ్రి” అన్నారు. సుభద్ర గారు ఒప్పుకోలేదు. ప్రస్థానానికి విడిగా ఒక పట్టిక పెడదామన్నారు. “ప్రస్థానం పెట్టిన రోజు వేరు, పంపిన రోజు వేరు సార్. రెండింటికీ ఒకే గడి ఇచ్చింది మనం. పాపం వాళ్లేం చేస్తారు? జరిగింది జరిగినట్టు రాసుకుంటే అడిగిన వాళ్లకు ధైర్యంగా చెప్పుకోవచ్చు.” మరి ట్యాంకు నిజంగా గేటు దాటిన రోజు ఎలా తెలుస్తుందని సార్ అడిగారు. ఆవిడ దగ్గర జవాబు లేదు. నా దగ్గర ఉంది.

“లారీ ఫోటోలున్నయి సార్. ట్యాంకు ఎక్కించినంక వాచ్‌మన్ ఫోటో తీసి గ్రూపుల పెడ్తడు. నేను ఒక్కటి గూడ తీసెయ్యలే” అన్నాను.

“మంచి ఐడియా!” అని సార్ సుభద్ర గారి వైపు చూశారు. నేను చెబితే ఆవిడ వైపు చూడటమేమిటో! ఆవిడ వెంటనే “ఐడియా మంజుల గారిదండీ” అన్నారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. నాది ఇంకా విచిత్రం. తోడికోడలు వెనకేసుకొచ్చినందుకు ఏడుపొచ్చింది. కొన్ని వారాల పాటు ఆ ఫోటోలను ఒక్కొక్కటిగా చూసి, ట్యాంకు మీద సుద్దముక్కతో రాసిన కంపెనీ పేరును బట్టి ఏ ట్యాంకు ఏ రోజు పోయిందో తేల్చాను. ఆవిడ నా పక్కనే కూర్చుని తేదీలు ఎక్కించారు. గొంతు ఎండిపోతే మజ్జిగ తెచ్చి ఇచ్చేవారు. ఆవిడ వల్ల కష్టమేదైనా కలిగితే బాగుండునని, కలిగితే మనసారా తిట్టుకోవచ్చునని ఎదురుచూశాను. కలగలేదు.

చివరికి డేటాబేసు వరుసలన్నిటినీ మారు మాట లేకుండా తీసుకుంది. సార్ స్వీట్లు తెప్పించారు. అందరి ముందూ “మేడమ్, ఇగ మీరు ఈడనే ఉండుండ్రి. గది రెడీ చేపిస్త” అన్నారు. నా చేతిలో మైసూర్‌పాకు అలాగే ఉండిపోయింది. సుభద్ర గారు తల అడ్డంగా ఊపారు. వైజాగ్‌లో ఇంకో కంపెనీ వాళ్లు ఇటువంటి పనికే పిలిచారని, ఒప్పుకున్నానని చెప్పి, “ఇక్కడి సంగతులు మంజుల గారికి తెలిసినట్టు ఎవరికీ తెలియవు సార్. ఆ గది వారిదే” అన్నారు. అలా ఆ కుర్చీ నాకు వచ్చింది. ఎన్నాళ్లుగానో కోరుకున్నది చేతికందింది. కానీ నేను గెలుచుకున్నది కాదు, ఆవిడ వద్దని పక్కన పెట్టింది. ఆవిడ కట్టి విడిచిన చీర నాకు పెట్టినట్టుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నవ్వాను. దవడలు నొప్పి పుట్టాయి.

ఆ వారంలోనే నాచారం వెళ్లాను. యాదగిరి మామ ఒక్కడే ఉన్నప్పుడు పట్టుకుని, కడుపులో ఉన్నదంతా కక్కేశాను. “ఏంది మామా నీ ఇది? ఆమె వచ్చి నెల కాకముందే అన్ని చెప్పినవు. నేను ఇన్నేండ్ల సంది ఉన్న. ప్రస్థానం సంగతి నాకెందుకు చెప్పలే? నేనేం పాపం చేసిన?”

యాదగిరి మామ నన్ను వింతగా చూశాడు. “గదేంది బిడ్డా, నీకు చెప్పుడేంది? రాజయ్య బిడ్డవు. మీ ఇంట్ల పెట్టరా ప్రస్థానం? నీకు ఎర్కనే ఉంటది అనుకున్నం. ఆమె బయటి మనిషి, ఆమెకు ఎర్కుండదు. అందుకే కూసొవెట్టి చెప్పినం. చుట్టాలొస్తే ఇల్లు తిప్పి చూపిస్తం గని, ఇంట్లోళ్లకు ఎవరన్న ఇల్లు చూపిస్తరా?”

ఆ మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఇన్నాళ్లూ నేను ఏ పెద్దపీటను చూసి కుళ్లిపోయానో అది చుట్టాలకు వేసే పీట. నేను ఇంటిమనిషిని. ఆటోలో ఉప్పల్ వచ్చేదాకా ఆ మాటనే నములుతూ వచ్చాను. ఈ సంగతి సుభద్ర గారికి చెప్పకుండా ఉండటం నా వల్ల కాలేదు. ఆవిడకు అదే ఆఖరి రోజు. బల్ల మీది సామాను సంచిలో సర్దుకుంటున్నారు. నేను ఎదురుగా నిలబడి, యాదగిరి మామ అన్నదంతా అన్నట్టే చెప్పాను. బయటి మనిషి అన్న మాటను కూడా మింగలేదు. నిజం చెప్పాలంటే ఆ మాట చెప్పడానికే వచ్చాను.

ఆవిడ ఎప్పటిలాగే ఆగారు. చేతిలో ఉన్న ఛార్జర్ తీగను చుట్టారు, విప్పారు, మళ్లీ చుట్టారు.

“నిజమే చెప్పారండీ యాదగిరి గారు” అన్నారు చివరికి. “నేను పుట్టింది ఏఎస్ రావు నగర్‌లోనే. బడి, కాలేజీ, పెళ్లి అన్నీ ఇక్కడే. అయినా నోరు విప్పితే చాలు, ఏ ఊరమ్మా మీది అంటారు. పోనీ గుంటూరు వెళ్తే అక్కడ హైదరాబాద్ అమ్మాయి వచ్చిందని ఏది వడ్డించినా దాని పేరు చెప్పి వడ్డిస్తారు. పుట్టినప్పటి నుంచీ అందరూ నాకు అన్నీ వివరంగా చెబుతూనే ఉన్నారు. ఆ రోజు షెడ్డులో వాళ్లు నాకే చెబుతున్నారు, మీకు చెప్పాల్సిన పనే లేదన్నట్టు మీ వైపు ఒక్కరూ చూడటం లేదు. మిమ్మల్ని చూసి ఎంత కుళ్లుకున్నానో లోపల్లోపల.”

ఏదో అనాలి కాబట్టి “మనసుల వెట్టుకోకుండ్రి మేడమ్” అన్నాను. “ఛ, లేదండీ” అని నవ్వి, ఆవిడ సంచి భుజానికి తగిలించుకున్నారు. మెట్రో మెట్ల దాకా కలిసి నడిచాం. ఏం మాట్లాడుకున్నామో గుర్తు లేదు. ట్రాఫిక్ గురించి అయి ఉంటుంది.

ఇప్పుడు ఆ గది నాది. వారంలో సగం రోజులు మాత్రం నాచారంలోనే ఉంటాను. డేటాబేసు ఏదైనా వరుసను తిప్పికొడితే సరిచేయను, వెళ్లి అడుగుతాను. ఇది ఆవిడ నేర్పినది. అడగడమే కొంచెం కష్టం. ఫ్యాక్టరీలో సగం మాటలు ‘నీకెర్కే గద’ అనే మొదలవుతాయి. ఒకప్పుడు గర్వంగా తల ఊపేదాన్ని. ఇప్పుడు “నాకు ఎర్క లేదు, జర చెప్పుండ్రి” అంటాను. యాదగిరి మామ ప్రతిసారీ నా మొహంలోకి ఓసారి చూస్తాడు, రాజయ్య బిడ్డకు ఏమైంది అన్నట్టు. తర్వాత మొదటి నుంచీ, విప్పి విప్పి, ఆవిడకు చెప్పినట్టే చెబుతాడు. పని చక్కగా సాగుతుంది. వింటున్న నాకు మాత్రం నా ఇంట్లోనే నన్ను చుట్టంలా చాప వేసి కూర్చోబెట్టినట్టు ఉంటుంది. ఒక్క పూటకే నాకు ఇంత బాధగా ఉంటే, ఆవిడ పుట్టినప్పటి నుంచీ మొహం మీద నవ్వు చెదరకుండా ఎలా వింటూ వచ్చారో తెలియదు. అది నాకు చేతకాదు. అందుకు మళ్లీ ఆవిడ మీదే కుళ్లు పుడుతుంది.